ఏటిగట్టు మీద ఫ్లెక్సీ

2022 జూలై 17, ఆదివారం. కోనసీమలో ఆ రోజు ఒక్క చినుకు పడలేదు. ఎండ చుర్రుమంటోంది, ఉక్కపోస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా గోదావరి మాత్రం పెరుగుతూనే ఉంది. వానలు ఎక్కడో ఎగువన కురుస్తాయి, మునిగేవి ఇక్కడ ఏటి నడుమ ఉన్న లంకలు. ఈ సంగతి టౌన్లో ఉండేవాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. వాన వెలిసింది కదా, ఇంకా వరదేమిటంటారు.

గంటిపాలెం టౌన్లో చిక్కం ముత్యాలరావు అనే టెంట్ హౌస్ యజమాని ఉండేవాడు. సాయానికి అందరికన్నా ముందు పరిగెత్తేవాడు గాని, ఏం కావాలని మాత్రం ఎవరినీ అడిగేవాడు కాదు. పెళ్లిళ్లకి షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చేవాడు కాబట్టి ఏ పని తలపెట్టినా కాస్త పెళ్లిలాగే చేసేవాడు. వేసవిలో చలివేంద్రం పెడితే మజ్జిగ కన్నా ముందు మైకు వచ్చేది.

అతనికి నూకరత్నం అని ఒక మేనత్త ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. బోయవారిలంకలో ఆవిడకి ఒక కొబ్బరితోట, ఒక పెంకుటిల్లు, ఒక నావ ఉన్నాయి. ముత్యాలరావుని చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి. తన తరవాత అవన్నీ వాడికేనని ఆవిడ నలుగురిలోనూ అంటూ ఉండేది. ముత్యాలరావు కూడా అలాగే అనుకునేవాడు.

లంక మునిగింది. జనం గొడ్డూ గోదాతో సహా ఏటిగట్టు ఎక్కి టార్పాలిన్లు కట్టుకున్నారు. నూకరత్నం తన ఇత్తడి బిందె చంకన పెట్టుకుని గట్టెక్కింది. కనుచూపు మేర అంతా నీళ్లే, బిందెలో పోసుకోవడానికి మాత్రం మంచినీళ్లు లేవు. బోర్లన్నీ వరదనీటి కింద ఉన్నాయి.

శనివారం సాయంత్రం ముత్యాలరావు ఆవిడకి ఫోన్ చేశాడు. అడగడానికి కాదు, చెప్పడానికి. రేపు లారీ నిండా బట్టలు తెస్తున్నానన్నాడు.

"బట్టలొద్దురా ముత్యాలూ," అంది ఆవిడ. "కట్టుకోడానికి ఉన్నాయి, తాగడానికే లేవు. పసిపిల్లలకి కూడా బొండాలు కొట్టి పోస్తున్నాం. నీళ్లు తీసుకురా. గేదెలకి ఇంత గడ్డి తెస్తే మరీ మంచిది. గట్టు మీదికి మాత్రం రాకు, మెత్తబడిపోయి ఉంది. మెయిన్ రోడ్డు మీద స్కూలు కాడ దింపితే తాసీల్దారు ఆఫీసోళ్లు ట్రాక్టర్ల మీద పంచుతున్నారు."

"అలాగే అత్తా," అన్నాడు ముత్యాలరావు. ఆవిడ మాట చెవిన పడిందే గాని బుర్రలోకి పోలేదు. స్కూలు దగ్గర దింపితే తెచ్చిందెవరో ఎవరికి తెలుస్తుంది? వెనక ఏరు కనపడకపోతే అది వరద ఫోటో ఎలా అవుతుంది? అతని ఆలోచన ఇలా సాగింది.

ఆ బట్టల సంగతి కూడా చెప్పుకోవాలి. ఊరంతా మైకు పెట్టి పోగుచేసినవి. జిప్పులు ఊడిన ప్యాంట్లు, చీరల్లేని జాకెట్లు, చంకల్లో చిరిగిన నైటీలు, ఒంటి మేజోళ్లు, ఎవరిదో పెళ్లినాటి కోటు. గుమ్మం తుడవడానికి కూడా పనికిరాని గుడ్డని ఇల్లు మునిగినవాళ్ల చేతిలో పెట్టి, వాళ్లు దణ్ణం పెడుతుంటే ఫోటో దిగే మనుషులు మన మధ్యే ఉన్నారు. బీరువా ఖాళీ చేసుకుని దానికి దానమని పేరు పెట్టుకుంటారు. ఇల్లు మునిగితే మనిషి మర్యాద కూడా దాంతోపాటే మునిగిపోయిందనుకుంటారు కాబోలు.

ఆదివారం పొద్దున్నే లారీ బయలుదేరింది. దాని పక్కన ఈ చివర నుంచి ఆ చివరకి కొత్త ఫ్లెక్సీ. అందులో ముత్యాలరావు చేతులు జోడించి నవ్వుతున్నాడు. వెనక రెండు కార్లలో తనూ, స్నేహితులూ, ఫోటోగ్రాఫరూ. స్కూలు దగ్గర వీఆర్వో చెయ్యి అడ్డం పెట్టి, సరుకు అక్కడే దింపమన్నాడు. గట్టు మీద అంబులెన్సుకి దారి ఉంచాలన్నాడు. ముత్యాలరావు కారు దిగనైనా దిగలేదు. అక్కడ మా మేనత్త ఉందండీ అని చెప్పి, బండి పోనిమ్మన్నాడు.

లారీ డ్రైవరు పేరు అప్పన్న. గట్టెక్కగానే బండి ఆపి దిగొచ్చి, ఈ గట్టు బరువు ఆగదండి, ఇక్కడే ఆపేద్దామని చెప్పాడు. ఏరు ఇంకా బాగా కనపడేచోటికి పోనిమ్మన్నాడు ముత్యాలరావు. రెండో తూము దగ్గర వెనక చక్రం బురదలోకి దిగిపోయింది. లారీ ఒరిగి గట్టుకి అడ్డంగా నిలబడిపోయింది. దాని వెనక కార్లూ ఆగిపోయాయి. ముత్యాలరావు కంగారు పడలేదు. బండి ఆగినచోట ఏరు బాగానే కనపడుతోంది. ఫోటోగ్రాఫరుకి ఎండ ఎటుందో చూసుకోమని చెప్పాడు.

సరిగ్గా అదే సమయంలో, లారీకి అవతల, నూకరత్నం పొయ్యిలోకి కొబ్బరిమట్ట తీయబోయింది. వరదకి పాములు కూడా గట్టే ఎక్కుతాయి, మరి వాటికీ ప్రాణమే. కాలి వేళ్ల మీద కాటు పడింది. పక్క టార్పాలిన్ కింద ఉండే నాగమణి అనే అమ్మాయి ఏడుస్తూ కూర్చోలేదు. వెంటనే 108కి ఫోన్ చేసి ఏ లంకో, ఏ తూము దాటాలో, ఎవరికి ఏమైందో నిదానంగా చెప్పింది. కాటు దగ్గర కోస్తానని బ్లేడు తెచ్చినవాణ్ని వెనక్కి తోసింది, ఆవిడని అడుగు వెయ్యనివ్వలేదు, దారి చూపించడానికి ఒకణ్ని రోడ్డు మీదికి పరిగెత్తించింది. అంబులెన్సు తొందరగానే వచ్చింది. వచ్చి ముత్యాలరావు కార్ల వెనక ఆగిపోయింది.

లంకవాళ్లు ముగ్గురు, నాగమణి నులకమంచం మీద ఆవిడని మోసుకొచ్చారు. లారీ దగ్గర మంచం పట్టలేదు. గట్టు వాలు మీదుగా దింపుదామంటే మంచంకోళ్లు బురదలో దిగబడ్డాయి. అంబులెన్సు కుర్రాడు స్ట్రెచరుతో కార్ల సందుల్లో ఇరుక్కున్నాడు. అతనొచ్చేదాకా ఆగే తీరిక లేదు. ఆవిడకి రెప్పలు వాలిపోతున్నాయి. లారీలోంచి గట్టి గుడ్డ ఒకటి లాగమంది నాగమణి. చీర లాగారు, చిరిగింది. దుప్పటి లాగారు, అదీ చిరిగింది. లారీ నిండా బట్టలున్నాయి. అందులో ఒక్క మనిషిని మోయగల గుడ్డ లేదు.

"ఆ ఫ్లెక్సీ కొయ్యండి," అంది నాగమణి.

లారీకి ఇవతల ముత్యాలరావుకి ఫ్లెక్సీ కదలడం కనపడింది. "ఎవడ్రా అక్కడ? ఫోటో అవలేదింకా. చెయ్యి తియ్యండి," అని కేకేశాడు.

"ఇక్కడ మనిషి పోతోందండి బాబూ," అన్నాడు అప్పన్న. అని ఊరుకోక, తనే చాకు తీసి తాళ్లు కోసి, ఒక కొస పట్టుకున్నాడు. మిగతా మూడు కొసలూ లంకవాళ్లు పట్టారు. మోకాలి లోతు బురదలో వాలు దిగి, లారీని చుట్టి మళ్లీ గట్టెక్కారు.

అప్పుడు చూశాడు ముత్యాలరావు. ఫ్లెక్సీలోని తన జోడించిన చేతుల మీద మేనత్త పడుకుని ఉంది. ఆవిడ బరువుగా కళ్లు తెరిచింది.

"నీళ్లు తెచ్చావా ముత్యాలూ? పిల్లల నోళ్లు ఎండిపోతున్నాయిరా," అంది.

లారీలో ఒక్క సీసా లేదు. కార్లలో ఉన్నవి స్నేహితులు తాగేశారు.

ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ నొక్కేశాడు. ముత్యాలరావు కోరుకున్నట్టే మర్నాడు ఫోటో పేపర్లో వచ్చింది. వెనక ఏరు కూడా బాగా పడింది.

నూకరత్నం బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. కాలి వేళ్లు రెండు తీసేశారు. ఆ లారీని లాగేసరికి సాయంత్రమైంది. అంతదాకా మంచినీళ్ల ట్రాక్టరు కూడా రోడ్డు మీదే ఆగింది. బరువు తగ్గించడానికి బట్టలన్నీ గట్టు మీదే కుమ్మరించి పోయారు. అవి నాని కుళ్లాయి. వరద తీశాక తమ ఇళ్లల్లో ఒండ్రు ఎత్తుకోవలసిన ఆడవాళ్లు ముందు ఆ కంపు బట్టలకి గొయ్యి తవ్వారు.

ముత్యాలరావు ఆస్పత్రికి వెళ్లి మంచం పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. "నీకేం కావాలత్తా?" అని అడిగాడు.

"ఈ మాట శనివారం అడగాల్సిందిరా," అంది ఆవిడ, అటు తిరిగి పడుకుంటూ.

తరవాతి ఏడు చలికాలంలో ఆవిడ నిద్రలోనే పోయింది. కొబ్బరితోట, పెంకుటిల్లు నాగమణికి రాసింది. నావ, కొసలు పట్టిన ముగ్గురు లంకవాళ్లకీ. ఇత్తడి బిందె, నాలుగో కొస పట్టిన అప్పన్నకి. ఫ్లెక్సీని ఆవిడే బతికుండగా పక్కింటివాళ్ల గేదెల పాకకి కప్పించింది. అది ఇప్పటికీ కారడం లేదు. ముత్యాలరావుకి ఏమీ రాలేదు.

ఆపదలో ఉన్నవాళ్లకి సాయం చేయాలనుకునేవాడు ఏం కావాలో ముందు వాళ్లని అడగాలి, ఇమ్మన్నది ఇమ్మన్నచోట ఇవ్వాలి, ఇచ్చాక దారికి అడ్డం లేకుండా తప్పుకోవాలి.