ఈలకు వచ్చిన సాక్షులు

ఏ కాలమో, ఏ సీమో అడక్కండి గానీ, సింగరికోన అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని చండవిక్రముడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మరీ చెడ్డవాడు కాడు. కానీ పొగడ్త చెవిన పడితే చాలు, కొలిమి తిత్తిలా ఉబ్బిపోయేవాడు.

ఆ రాజ్యంలో ఒక మంచి ఆచారం ఉండేది. ప్రతి సీమ జనమూ తమకు నచ్చిన మనిషిని ఎన్నుకుని రాజసభకు పంపేవారు. ఏ శాసనమైనా ఆ సభాసదులు చర్చించి 'సమ్మతం' అన్నాకే చెల్లేది. సభ జరిగినంతసేపూ తలుపులు బార్లా తెరిచి ఉంచాలన్నది ఇంకో నియమం. కొండసీమ వాళ్లు ఆ సభకు బీరమ్మను పంపారు.

బీరమ్మ గొర్రెల కాపరుల పిల్ల. గొంగడి మీద పుట్టి, మంద వెనక పెరిగింది. ఊళ్లో తగవు వస్తే తలపండిన ముసలివాళ్లు కూడా "ముందు బీరమ్మను పిలవండిరా" అనేవారు. సభకు వచ్చాక కూడా ఆమె ఊరికే కూర్చోలేదు. నెత్తిన గంపతో సంతకు వెళ్లే ఆడవాళ్ల దగ్గర గుంజే సుంకం ఎత్తేయించింది. పురుడు పోయడానికి వెళ్లే మంత్రసానిని పడవవాడు కూలి అడగరాదని శాసనం చేయించింది. పెద్దలు ముసిముసిగా నవ్వుకున్నారు. శాసనమంటే యుద్ధమో యజ్ఞమో గానీ, గంపలూ పురుళ్లూ ఏమిటని! నవ్వితే నవ్వారులే అనుకుంది బీరమ్మ.

ఇలా ఉండగా మహామంత్రి సర్వజ్ఞశేఖరుడు ఒక కొత్త శాసనం సిద్ధం చేశాడు. రాజుగారి వేటకు ఏకాంతం కావాలి గనుక ఇకపై కొండల మీద గొర్రె గానీ మేక గానీ మేయరాదట! అసలే మండువేసవి. కింద పొలాల్లో గడ్డిపరక లేదు. కొండ మూసేస్తే మందలు చస్తాయి. మందలు చస్తే మనుషులు మూటాముల్లే సర్దుకుని దేశాలు పట్టిపోవాలి. ఆ సంగతి రాజుకే చెప్పుకుందామని కొండసీమ కాపరులు మందలతో సహా వచ్చి, తెల్లవారేసరికి కోట ముంగిట కూర్చున్నారు.

బీరమ్మ అడ్డం నిలబడుతుందని మంత్రికి తెలుసు. అందుకే సభ మొదలవగానే కొండ మాట ఎత్తకుండా ముందు ఇంకో శాసనం చదివాడు.

"ఏడు తరాల బిరుదావళి లేనివారు ఈ సభలో నోరు విప్పరాదు!"

చదివి, తలపాగా సర్దుకుని, బీరమ్మ వైపు తిరిగాడు.

"ఏమమ్మా బీరమ్మా, మీ తాతగారి బిరుదేమిటో కాస్త సెలవిస్తావా?"

"మా తాత పేరు గవరయ్య. బిరుదు లేదండీ, మోకాళ్ల నొప్పులు ఉండేవి."

సభ పకపకా నవ్వింది. మంత్రి మాత్రం నవ్వలేదు.

"చూశారా ప్రభూ! మంద తోలేవాళ్లను శాసనాలు చేయనిస్తే, రేపు గొర్రెలే వచ్చి మన పక్కన ఆసనం అడుగుతాయి!"

బీరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా వెనక ఎవరున్నారని కదా అడుగుతున్నారు? నన్ను పంపిన కొండసీమ ఉంది. చాలదా? నేను చేయించిన శాసనాల్లో తప్పుంటే చూపండి, తలొంచుకుని వింటాను. అది చేతకాక చచ్చిపోయిన తాతల్ని లేపుతారా?"

"తొందరపడకు," అన్నాడు రాజు, మీసం సవరించుకుంటూ. "మంత్రి మాట సబబుగానే ఉంది. మాది సూర్యుడి నుంచి దిగివచ్చిన వంశం. మా ఎదుట మాట్లాడాలంటే ఆపాటి యోగ్యత ఉండొద్దూ?"

ఆ మాటతో బీరమ్మ కోపం చల్లారలేదు గానీ, గొంతు మాత్రం చల్లబడింది.

"చిత్తం ప్రభూ. శాసనం అందరికీ ఒకటే. సభలో మొదటివారు తమరు. కాబట్టి తమ వంశం సంగతే ముందు తేల్చుకుందాం."

"ఎంత పొగరు!" అని మంత్రి లేచాడు.

"అడగనీవయ్యా. మాకేం భయం?" అన్నాడు రాజు.

"పట్టాభిషేకం నాడు కిరీటం పెట్టుకునే ముందు తమరేం చేశారు ప్రభూ?"

"నల్లగొంగడి మీద కూర్చున్నాను. ఆకుదొప్పలో గొర్రెపాలు తాగాను. రెండువేళ్లు నోట పెట్టి ఈల వేశాను. తాతముత్తాతల నాటి నుంచీ మా ఇంట్లో నడుస్తున్న తంతు."

"దాని అర్థం?"

"నీకేం తెలుస్తుంది!" అని మంత్రి అందుకున్నాడు. "గొంగడి అంటే అజ్ఞానం. పాలంటే జ్ఞానం. ఈల అంటే సాక్షాత్తూ నాదబ్రహ్మ ఆవాహన!"

"అబ్బో! అయితే ఆ నాదబ్రహ్మను ఒక్కసారి వినిపించండి ప్రభూ. మా చెవులు పావనమవుతాయి."

తన ఈల అంటే రాజుకు మహా గర్వం. సింహాసనం మీద నిటారుగా కూర్చుని, వేళ్లు నోట పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, కోట గోడలు మారుమోగేలా ఈల వేశాడు.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత బయట ఒక మెడగంట గణగణమంది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే తెరిచి ఉన్న తలుపుల్లోంచి కొమ్ముల పొట్టేలు ముందూ, మంద వెనకా, బేబే అంటూ గొర్రెలు సభలోకి వరదలా వచ్చిపడ్డాయి. భటులు బల్లేలు పట్టుకుని ఎటు తోలాలో తెలియక నిలబడిపోయారు. సర్వజ్ఞశేఖరుడు పంచె ఎగ్గట్టి ఆసనం మీదికెక్కాడు. పొట్టేలు తిన్నగా వెళ్లి సింహాసనం ముందు ఆగి, రాజు ముఖంలోకి చూసింది.

గుమ్మంలో ఒక ముసలి కాపరి రొప్పుతూ కేకవేశాడు.

"బీరమ్మా! మేం తోలలేదే తల్లీ! మంద మళ్లేసే ఈల ఎవరేసిండ్రో గానీ, వాటంతటవే లేచి ఉరికొచ్చినయి!"

"విన్నారు కదా ప్రభూ," అంది బీరమ్మ. "అది నాదబ్రహ్మ కాదు, పొద్దుగూకే వేళ మందను ఇంటికి మళ్లించే ఈల. మాలో కొత్తగా మంద పెద్ద అయినవాడు నల్లగొంగడి మీద కూర్చుని, దొప్పలో పాలు తాగి, ఆ ఈల వేస్తాడు. మంద కదిలివస్తేనే వాడు పెద్ద. మీ మూలపురుషుడు సూర్యుడి నుంచి దిగాడో లేదో నాకు తెలీదు. దిగితే మా కొండ మీదే దిగాడు. దిగి గొర్రెలే కాశాడు. మంత్రిగారి శాసనం చెల్లితే ఈ సభలో ముందు నోరు మూసుకోవలసింది ఎవరో ఆయన్నే చెప్పమనండి!"

"గొర్రెలు... గొర్రెల సాక్ష్యం చెల్లదు!" అన్నాడు మంత్రి ఆసనం మీద నుంచే.

"ఏం, వాటికీ బిరుదావళి లేదనా?"

రాజు పొట్టేలును చూశాడు. పొట్టేలు రాజును చూసింది. ఉన్నట్టుండి చండవిక్రముడు కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు.

"చిన్నప్పుడు ఈల తప్పుగా వేస్తే మా తాత చెవి మెలిపెట్టేవాడు. ఎందుకో ఇన్నాళ్లకు తెలిసింది!"

బిరుదుల శాసనాన్ని అక్కడికక్కడే చించేయించి, మెడలోని ముత్యాలహారం తీసి చాచాడు. "ఇది తీసుకో. ఇవాళ్టి నుంచి నీకు 'సభాకేసరి' అనే బిరుదు ఇస్తున్నాం."

బీరమ్మ చేయి చాచలేదు.

"బిరుదు వద్దు ప్రభూ. రేపు ఇంకెవరి మనవరాలినో అది లేదని బయటికి గెంటుతారు. హారమూ వద్దు. తమకు నవ్వొచ్చింది కాబట్టి నేనిక్కడ నిలబడ్డాను. కోపమొచ్చి ఉంటే? మా జనం బతుకు తమ నవ్వుకూ కోపానికీ మధ్య వేలాడకూడదు. కొండ శాసనం ఇంకా అక్కడే ఉంది. దాని మీద చర్చ జరగాలి. నేను వచ్చింది అందుకే."

రాజు నవ్వు ఆగింది. హారం పక్కన పెట్టి, కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మాట్లాడు బీరమ్మా. ఎంతసేపైనా మాట్లాడు. ఇవాళ మా బహుమానం అదే."

ఆమె మాట్లాడింది. భోజనాల వేళ దాటిపోతోందని వంటవాడు గుమ్మంలోంచి తొంగిచూసి, తొంగిచూసి వెళ్లాడు. చివరికి సభ యావత్తూ ఒక్క గొంతుతో 'సమ్మతం కాదు' అంది.

ఆ వేసవంతా మందలు కొండ మీదే మేశాయి. చండవిక్రముడు వేటకు వెళ్లడమూ మానలేదు. కాకపోతే, గొర్రెలకు దారి ఇస్తూ వెళ్లేవాడు.