ముప్పయ్యో ఆకు

కోటక్క దొంగల కథలు తాటాకుల మీద రాసి సంతలో అమ్ముకునేది. అలాంటి కథల్ని రాజ్యంలోనే లేకుండా చేయాలని ఆస్థాన పండితుడు సోమయాజులు రాజుగారి దగ్గర పట్టుబట్టాడు. ముందు ఒకటి చదివి చూడమన్నాడు రాజు. కోటక్క తన కొత్త కథ కట్టను వినయంగా పండితుడికి అందించి వచ్చింది.

మర్నాడు సభలో పండితుడు ఆ కట్టను కింద పడేశాడు.

"మొదటి ఆకుకే వెగటు పుట్టింది మహారాజా. రెండో ఆకు తిప్పితే ఒట్టు."

"లోపాలేమిటో చెబితే దిద్దుకుంటాను బాబయ్యా" అంది కోటక్క.

"ఒకటా రెండా? రాణిగారి హారం ఎవరు కాజేశారో చెప్పకుండానే ఆపేశావు. అదీ ఒక కథేనా?"

కోటక్క కొంగు చాటు నుంచి ఒక తాటాకు తీసింది.

"అది ఈ ముప్పయ్యో ఆకులో ఉంది బాబయ్యా. నేనే తీసి దాచాను. మిగతా ఇరవై తొమ్మిదీ చదివినవాళ్ళకే ఇది లేదని తెలుస్తుంది."

సభ గొల్లుమంది.

"మా పండితుడి చేత ఇన్ని ఆకులు తిప్పించిన ఘంటాన్ని నేను ఆపలేను" అన్నాడు రాజు.

పండితుడు తల వంచుకునే చెయ్యి చాచాడు.

"ఆ ఆకు ఇటివ్వమ్మా. వంటవాడే కదూ?"