పాలు తాగని గుడ్డ

చెంగమ్మను ప్రశ్న అడిగినవాళ్ళెవరూ ఖాళీ చేతులతో కూర్చున్నది లేదు. అడగ్గానే ఏదో ఒక పని అప్పజెప్పేది. కరక్కాయలు దంచమనేది, లేకపోతే ఏటిలో గుడ్డ జాడించుకు రమ్మనేది. పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరు ప్రశ్నే మరిచిపోయేవారు. గుడ్డ మీద కలంతో బొమ్మలు వేయడం నేర్పే ఆ ముసలావిడ దగ్గరికి ఆడవాళ్ళు బొమ్మల కోసమే వచ్చేవారు. మిగతా పాఠాలు అక్కడే తగిలేవి.

పరంజ్యోతి అడిగిన ప్రశ్న ఇది.

"అమ్మా, నిజం చెప్పడం మంచి గుణమా, కాదా?"

అప్పుడు ఏటి మీంచి మంచు లేచి పాకలోకి వచ్చి, దండేల మీద గుడ్డల మధ్య ఎవరినో వెతుక్కుంటున్నట్టు తిరుగుతోంది. చెంగమ్మ కలం పుల్లకు ఉన్ని చుడుతోంది. తల ఎత్తలేదు.

"ఎవరికి చెప్పావే?"

"పెద్దక్కకి."

పెద్దక్క అంటే దొరసానమ్మ. చెంగమ్మ శిష్యురాళ్ళందరిలో పాతది. మొగుడూ పిల్లలూ లేని మనిషి, ఆ కలమే ఆమెకు ఇల్లూ వాకిలీ. మొన్న ఆమె హంసల కొలను గీస్తుంటే పక్కన కూర్చున్న పరంజ్యోతి ఊరుకోలేకపోయింది. "పెద్దక్కా, నీ చెయ్యి వణుకుతోంది. ఆ హంస మెడ చూడు, జ్వరమొచ్చిన కోడి మెడలాగుంది" అంది. పాకంతా గొల్లున నవ్వింది. దొరసానమ్మ కూడా కాస్త నవ్వినట్టే ఉంది. కలం కడిగి, తుడిచి, తన చోట పెట్టి ఇంటికి పోయింది. మళ్ళీ రాలేదు.

పరంజ్యోతి చెడ్డది కాదు. అబద్ధమాడదు, ఒకరి సొమ్ము ముట్టదు, వస్తానన్న వేళకు వస్తుంది. పెరట్లో మొక్కలు నాటుకున్నట్టు ఒక్కో గుణాన్నీ తెచ్చి తనలో నాటుకుంది. అన్నిటికంటే ఏపుగా పెరిగింది నిజమే. దాని నీడన మిగతావి బతికాయో ఎండాయో ఎప్పుడూ వంగి చూసుకోలేదు. నిజాయితీపరుల్లో చాలామందికి ఈ జబ్బుంది. వాళ్ళు చెప్పే నిజంలో సగం నిజం, సగం నోటి దురద. ఎదుటిమనిషి మొహం మాడితే "ఉన్నమాటంటే ఊరు అచ్చిరాదు" అని ఓ సామెత పారేసి హాయిగా నిద్రపోతారు. పరంజ్యోతికి ఆ నిద్ర పట్టడం లేదు. అదే ఆమెలో మిగిలిన మంచి.

"నేనన్నది అబద్ధమైతే చెప్పమ్మా, కాళ్ళు పట్టుకుంటా. చెయ్యి వణుకుతున్న మాట నిజం. మంచి గుణం నుంచి మంచి ఎందుకు పుట్టలేదు? ఆమె ఇక రాకపోతే?"

చెంగమ్మ కలం ఆమె చేతికిచ్చింది. "ఓ గుడ్డ తీసుకుని ఆడమనిషి ముఖం గీసుకురా. నల్లగీత ఒక్కటే. రంగులొద్దు."

తీసుకుందామంటే గుడ్డల పెట్టె ఖాళీ. పరంజ్యోతి వచ్చిన నాటి నుంచీ ఆ పెట్టె నిండుగానే ఉండేది. తెల్లారకముందే ఎవరో గుడ్డలు తడిపి, ఆరబెట్టి, మడతపెట్టి ఉంచేవారు. చెట్టుకు ఆకులెవరు తొడిగారని అడగనట్టే, ఆ గుడ్డలెవరివని కూడా ఆమె ఎప్పుడూ అడగలేదు.

సరే, తనే తయారు చేసుకుందామనుకుంది. కరక్కాయల సంగతి ఆమెకు తెలుసు, ఎన్నిసార్లు దంచలేదు. పొడిని నీళ్ళలో కలిపి గుడ్డ ముంచుతుంటే పాలు పోసే రంగమ్మ తపేలాతో వచ్చింది.

"పెద్దక్క లేదా? బర్రెపాలు పొయ్యమంటావా?"

"ఇవాళొద్దులే రంగమ్మా. టీ తాగేవాళ్ళు ఎవరూ లేరు."

రంగమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. చెంగమ్మ వైపు చూసింది. చెంగమ్మ ఏటి వైపు చూస్తోంది. రంగమ్మ తపేలా ఎత్తుకుని పోయింది.

పరంజ్యోతి గుడ్డను ఇసకలో పరిచి పక్కనే పడుకుంది. ఎండ పలచగా ఉంది. అవతలి ఒడ్డున ఎవరో జాడిస్తున్న గుడ్డ నీళ్ళ మీద పొడుగ్గా సాగి, ఎటూ పోకుండా ఈదుతోంది. అరమోడ్పు కళ్ళకు అది హంసలా కనిపించింది, కాసేపటికి మెడ లేని హంసలా. గుడ్డ ఆరాక ముఖానికి ఆనించుకుంది. ఇక్కడి గుడ్డలకు ఒక వాసన ఉండేది. పసిపిల్ల నడినెత్తి వాసన. మొదటిరోజు ఆ వాసనకే ఆమె ఇక్కడ ఉండిపోయింది. ఈ గుడ్డకు అది లేదు. వగరు వాసన ఒక్కటే ఉంది. కొత్తది కదా, తర్వాత వస్తుందిలే అనుకుంది.

పాకలోకి వచ్చి కసిమి కుండ మూత తీసింది. తుప్పు ఇనుమూ బెల్లమూ కలిసి పులిసిన నీళ్ళవి. కరక్కాయ తాగిన గుడ్డకు తగిలాకే వాటి నలుపు బయటపడుతుంది. కలం ముంచి, ఊపిరి బిగపట్టి, నుదురు గీసింది. ముక్కు గీసింది. కళ్ళు గీసింది. చెయ్యి ఎక్కడా తొణకలేదు. ఇంత శుద్ధమైన గీత ఈ పాకలో ఇంకెవరు గీయగలరు అనుకుంటూ వెనక్కి వాలి చూసుకుంది.

కంటి చివర నలుపు కదిలింది. చీమలు పుట్టలోంచి బయలుదేరినట్టు గీతలోంచి సన్నగా బయటికి పాకింది. కాటుక చెదిరినట్టయింది, తర్వాత చెంపల మీదికి కారింది. పెదవులు కరిగి గడ్డంలో కలిశాయి. పరంజ్యోతి కొంగుతో అద్దబోయింది, అద్దినకొద్దీ పాకింది. ఆ రోజు దొరసానమ్మ ఏడవలేదు. ఇవాళ గుడ్డ మీది మనిషి ఏడుస్తోంది.

ఎప్పుడొచ్చిందో, చెంగమ్మ వెనక నిలబడి ఉంది.

"గీతలో తప్పులేదే" అని మాత్రం అంది. "గుడ్డ ఎవరిది?"

ఇన్నాళ్ళూ ఆ పెట్టె నింపిన చేతులెవరివో పరంజ్యోతికి అప్పుడు తట్టింది.

ఆ గుడ్డను అలాగే చుట్టుకుని దొరసానమ్మ ఇంటికి నడిచింది. దొరసానమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. రా అనలేదు, పో అనలేదు. గుడ్డ విప్పి ముందు పరిస్తే చాలాసేపు చూసింది. ఒక దారపు పోగు లాగి నాలుక చివర పెట్టుకుంది.

"పాలెవరు తాగేశారు మే?"

"పాలు టీకి అనుకున్నా పెద్దక్కా."

దొరసానమ్మకు నవ్వాగలేదు. చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "టీకా! కరక్కాయ లేకపోతే నలుపు పట్టదు. పాలు లేకపోతే నలుపు ఆగదు. ఇన్నాళ్ళూ నీ గీత నిలిచింది నీ చేతి గొప్పనుకున్నావా?"

పరంజ్యోతి తలొంచుకుంది. "నీ చెయ్యి వణుకుతోందని నేను అనకుండా ఉండాల్సింది."

"ఎందుకనకూడదు? నీకంటే ముందు నా అన్నం ముద్దకు తెలుసు, నా చెయ్యి వణుకుతోందని." దొరసానమ్మ గొంతులో నవ్వు పోయింది. "వణుకు నిజమే. హంస మెడ వంకర పోయింది, అదీ నిజమే. మరి ఆ కోడి ఎక్కడిదే? జ్వరం కూడా వచ్చిందే దానికి. అది నా గీతలో ఉందా, నీ నోట్లో ఉందా?"

కోడి పాకలోని వాళ్ళ నవ్వు కోసం వచ్చింది. ఆ సంగతి అన్న క్షణంలోనే పరంజ్యోతికి తెలుసు. తెలిసీ దాన్ని నిజం కిందే జమ వేసుకుంది.

"కోడి నాదే పెద్దక్కా" అంది. "నవ్వుతారని అన్నా."

దొరసానమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది. "ఇదీ నిజమే. ఇది బాగుంది" అని లేచింది.

మర్నాడు మంచులోనే రంగమ్మ పాలు పోసింది. దొరసానమ్మ కరక్కాయ నీళ్ళలో పాలు వంచి, గుడ్డ ముంచి పిసికింది. చేతుల వణుక్కి చిన్న చిన్న అలలు పుట్టి తొట్టి అంచులదాకా పోయి తిరిగి వస్తున్నాయి. పరంజ్యోతి చూపు వాటి మీదే ఉండిపోయింది. దొరసానమ్మ అది గమనించింది.

"హంసలు నువ్వు గియ్యి" అంది. "కింద నీళ్ళు నేను గీస్తాలే."

గుడ్డ ఆరేసరికి పొద్దెక్కింది. మడతపెట్టి చెంగమ్మ ముందుకు తెచ్చారు. పరంజ్యోతికి ఇంకా తన ప్రశ్న మీద బెంగ తీరలేదు. "అమ్మా, నువ్వు జవాబు చెప్పనేలేదు" అంది.

చెంగమ్మ గుడ్డను ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"పాలవాసన వస్తోంది" అంది. "ఇప్పుడు గియ్యి, నీ నలుపు."