నూకరాజు పీకేసిన స్టార్టరు

గోదావరి నడుమ ఉన్న తుమ్మెదలంకలో నూకరాజు అనే పడవవాడు ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, తనకు అక్కర్లేనిది లోకంలో ఎవరికీ అక్కర్లేదని అనుకునేవాడు.

లంకలో పూసిన బంతులు, చేమంతులు, మల్లెలు అన్నీ అతని పడవ మీదే అవతలి ఒడ్డుకు వెళ్ళేవి. పడవ వెనక ఒక చిన్న టూ స్ట్రోక్ ఇంజను ఉండేది. బటన్ నొక్కితే బ్యాటరీతో తిరిగే స్టార్టరు మోటారు దాన్ని స్టార్టు చేసేది. బటన్ వద్దనుకుంటే, ఇంజను మీదున్న పిడి పట్టుకుని తాడు బలంగా గుంజాలి. నూకరాజు ఏనాడూ బటన్ జోలికి పోలేదు. అతని భుజాలు అలాంటివి. ఒక్క గుంజుకే ఇంజను గుర్రుమని లేచేది. ఒడ్డున ఆడుకునే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నూకరాజు మీసం దువ్వుకునేవాడు.

ఒకరోజు అతను పానా తీసుకుని స్టార్టరును విప్పడం మొదలుపెట్టాడు. అది చూసి అతని భార్య వీరవేణి పరుగున వచ్చింది. పడవ నడపడంలో ఆమె అతనికేమీ తీసిపోదు. ఇంజను స్టార్టు చేయడానికి మాత్రం ఆమెకు ఆ బటనే దిక్కు.

"ఎందుకు మావా దాన్ని పీకేస్తున్నావు?" అంది వీరవేణి.

"ఉత్త బరువు. ఇదీ, బ్యాటరీ తీసేస్తే ఇంకో పూలబుట్ట పడుతుంది."

"మరి నేనెలా స్టార్టు చేసేది?"

"తాడు లాగు. అదే స్టార్టవుతుంది."

వీరవేణి పిడి పట్టుకుని లాగింది. తాడు సగం దాకా వచ్చి, ఆమె చేతిని విదిలించుకుని వెనక్కి పోయింది. మళ్ళీ లాగింది. ఇంజను దగ్గనైనా దగ్గలేదు.

నూకరాజు పకపకా నవ్వాడు. "నేనుండగా నీకెందుకే ఈ అవస్థ? నువ్వు హాయిగా కూర్చో" అన్నాడు.

"హాయిగా కూర్చోవడం కాదు మావా, నాకూ చేతనయ్యేలా ఉండాలి కదా" అంది ఆమె. ఆ మాట అతను వినిపించుకోలేదు. స్టార్టరును ఇంటికి తీసుకెళ్ళి, గాలికి తలుపు కొట్టుకోకుండా దాని ముందు పెట్టాడు. "ఇప్పటికి దీనికో పని దొరికింది!" అని మురిసిపోయాడు.

కొన్నాళ్ళకు సుబ్బాయమ్మ మనవరాలి పెళ్ళి వచ్చింది. పెళ్ళి అవతలి ఒడ్డున. సుబ్బాయమ్మ లంకలో పూలతోట పెంచే పెద్దావిడ. మనవరాలి పూలజడ, పెళ్ళి దండలు తన తోట పూలతోనే కావాలని పట్టుబట్టి, తెల్లవారకముందే లేచి కట్టించింది. పూలబుట్టలతో, పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళతో పడవ నిండిపోయింది. నూకరాజు ఒక్క గుంజు గుంజాడు. ఇంజను లేచింది. పడవలో పాటలు మొదలయ్యాయి.

నది మధ్యకు రాగానే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. గుర్రపుడెక్క తీగలు వచ్చి పంకాకు చుట్టుకున్నాయి. నూకరాజు వంగి వాటిని తెంపి పారేశాడు. అప్పటికే పడవ ప్రవాహానికి కొట్టుకుపోతోంది. దిగువన పాత వంతెన స్తంభాలు కనిపిస్తున్నాయి. అతను కంగారుగా పిడి అందుకుని, ఉన్న బలమంతా పెట్టి వంకరగా గుంజాడు. భుజంలో ఏదో కలుక్కుమంది. "అమ్మా!" అంటూ కూలబడ్డాడు. కుడిచెయ్యి పైకి లేవలేదు.

పాటలు ఆగిపోయాయి. వీరవేణి గెడ వేసి చూసింది. అడుగు అందలేదు. పిడి పట్టుకుని లాగింది. తాడు మళ్ళీ సగంలోనే ఆగింది.

"బటన్ నొక్కవే అమ్మాయ్!" అని అరిచింది సుబ్బాయమ్మ.

"బటన్ ఇంటి దగ్గర తలుపుకు కాపలా కాస్తోంది పిన్నీ!" అంది వీరవేణి.

నూకరాజు తల దించుకున్నాడు. వంతెన స్తంభాలు దగ్గరవుతున్నాయి. వీరవేణి చుట్టూ చూసింది. చటుక్కున అతని మెడలోని తువ్వాలు లాగి పిడికి ముడివేసింది. "పిన్నీ, నువ్వూ నేనూ కలిసి లాగుదాం. మిగిలినవాళ్ళు కదలకుండా కూర్చోండి. మావా, నువ్వు ఎడమచేత్తో ఇంజను కదలకుండా పట్టుకో!"

సుబ్బాయమ్మ కొంగు నడుముకు దోపింది. "హైలెస్సా!" అంది వీరవేణి. "హైలెస్సా!" అన్నారు పడవలోని ఆడవాళ్ళందరూ. ఇద్దరూ గుంజారు. ఇంజను దగ్గింది. మళ్ళీ గుంజారు. ఈసారి గుర్రుమని లేచింది. ఆ ఊపుకు సుబ్బాయమ్మ వెళ్ళి చేమంతుల బుట్టలో కూర్చుంది.

వీరవేణి పడవను స్తంభాల నుంచి పక్కకు మళ్ళించింది. గండం గడిచాక ఒకరినొకరు చూసుకుని అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పూలజడ ముహూర్తానికి ముందే చేరింది. పెళ్ళికూతురు దాన్ని వేసుకుని, నాయనమ్మ చీరకు అంటుకున్న చేమంతి రేకులు ఏరుతూ నవ్వింది.

డాక్టరు నూకరాజు చేతికి కట్టు కట్టి, చాలా కాలం బరువు పనులు చేయకూడదన్నాడు. ఇంటికి రాగానే నూకరాజు తలుపు ముందు చతికిలబడ్డాడు. స్టార్టరును ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తోనే దాని దుమ్ము తుడవసాగాడు.

"ఏం మావా, తలుపుకేం అడ్డం పెడతావు?" అని నవ్వింది వీరవేణి.

"తలుపు కొట్టుకుంటే కొట్టుకోనీ. నా బుద్ధికి కావాలి అడ్డం" అన్నాడు నూకరాజు. "నాకు బలం ఉందని నీ బటన్ పీకేశాను. తప్పయిపోయింది వేణీ."

ఇద్దరూ స్టార్టరునూ బ్యాటరీనీ పడవ దగ్గరికి తీసుకెళ్ళారు. అతను చెబుతుంటే ఆమె బోల్టులు బిగించింది. వైర్లు తుడిచి బ్యాటరీకి కలిపింది. బటన్ నొక్కగానే ఇంజను గుర్రుమంది.

ఆ రోజు నుంచి పడవ వీరవేణి నడిపింది. నూకరాజు పూలబుట్టల మధ్య కూర్చుని, పక్కన ఎవరుంటే వారితో కబుర్లు చెబుతూ ప్రయాణించేవాడు. గోదావరి ఇంత అందంగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది. ఒకసారి సుబ్బాయమ్మ కూడా సరదాపడి బటన్ నొక్కింది. ఇంజను స్టార్టయింది.

"ఇంత సులువా! ఈ సుఖాన్ని ఇన్నాళ్ళూ మాకు లేకుండా చేశావా నాయనా?" అంది.

"చేశాను పిన్నీ. ఇక చేయను" అన్నాడు నూకరాజు. అతని భుజం నయమయ్యాక కూడా స్టార్టరు పడవలోనే ఉంది. రోజూ ఆలుమగలు వంతులు వేసుకుని పడవ నడిపేవారు.

నీతి: మన బలాన్ని బట్టి ఇతరుల అవసరాన్ని అంచనా వేయకూడదు. మనకు అక్కర్లేదనిపించిన వస్తువే పక్కవారికి ఆధారం కావచ్చు.