కాళ్లు కడిగే టెంటు

దస్తగిరి సారును ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. ఆత్మకూరు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు గాని, ఈ అలవాటు మాత్రం రిటైరు కాలేదు. ఎత్తు ఎందుకు దూకలేకపోతున్నానని అడిగిన ఒక పిల్లవాణ్ణి పోయి ఇసుక గుంత తవ్వమన్నాడట. వాడికి జవాబు దొరికిందో లేదో తెలియదు, మళ్లీ మాత్రం ప్రశ్న అడగలేదు. అందుకే ఆయన దగ్గర పరుగు నేర్చుకునేవాళ్లు నోరు మూసుకుని ఉంటారు. సుంకమ్మ కూడా అలాగే ఉండేది. కాని ఆ ఏడు ఉగాది దగ్గరపడే కొద్దీ ఆమెకు ఉండబట్టలేదు.

ఉగాది వెళ్లగానే కర్నూలులో ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం. మొదటి ముగ్గురిని రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు పంపుతారు. కిందటేడు సుంకమ్మ నాలుగోది. వచ్చే ఏటికి ఆ విభాగంలో వయసు దాటిపోతుంది. అంటే ఆమెకు మిగిలింది ఈ ఒక్క పందెమే. ఆ ఒక్కదానికీ అడ్డం పడింది ఎడమ మడమ. చలికాలంలో మొదలైన నొప్పి అది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉండేది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే తగ్గేది. తర్వాత్తర్వాత తగ్గడం మానేసింది. అప్పుడామె మందుల షాపులో సాగే పట్టీ కొనుక్కుని బిగించి చుట్టి, దానిమీద మేజోళ్లు, ఆ పైన బూటు తొడిగి, మడమ నేల తగలకుండా మునివేళ్ల మీద పరిగెత్తడం నేర్చుకుంది. తేలు కుట్టిన దొంగ ఎంత నిశ్శబ్దంగా ఉంటాడో అంత నిశ్శబ్దంగా ఉండేది. నిజం చెప్పాలంటే పరుగుతో ఆమె అంత అలసిపోలేదు. దాచడమే అలసిపోయేట్టు చేసింది. ఇంటికి వెళ్లి బూటు విప్పాక అన్నం ముందు కూర్చుని ముద్ద కలపడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఒక ఉదయం పరుగు ముగిశాక సారు దగ్గరకు వెళ్లి, చూపు ఎటో పెట్టి అడిగింది. "సారూ, నాకు తెలిసిన ఒకమ్మాయికి మడమ నొప్పి. ఆగితే పందెం పాయె, పరిగెత్తితే కాలు పాయె. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ నొప్పిని ఓర్చుకోవాల, ఏ నొప్పికి ఆగాల? అది ఎట్ల తెలుస్తాది సార్?"

సారు ఆమె కాళ్లవైపు చూడలేదు. మొహంవైపే కొంతసేపు చూశాడు. "రేపటి నుంచి పరుగు లేదు. టెంటు కాడికి రా. ఆ అమ్మాయి కనపడితే ఆమెనూ పిలుచుకురా," అన్నాడు.

టెంటంటే ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి జనం గుంపులు గుంపులుగా శ్రీశైలానికి నడిచి వస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ అని వాళ్ల నమ్మకం. కూతురికి పుట్టింటి చీర, పసుపు కుంకుమలు పట్టుకుని, ఎండలో వారాల తరబడి నడిచి ఆత్మకూరు చేరతారు. ఇక్కడితో తారు రోడ్డు వదిలి నల్లమల అడవిలోకి దిగాలి. అడవి అంచున దస్తగిరి సారు తండ్రి కాలం నుంచీ వాళ్లింటివాళ్లు ఒక టెంటు వేసి, వచ్చేవాళ్ల కాళ్లు కడిగి కట్లు కట్టి పంపడం రివాజు. దర్గాకు పోయేవాళ్లకు మల్లన్న భక్తులతో ఏం పని అని ఆ ఊళ్లో ఎవరూ అడగరు. అడిగినవాడికి కూడా సారు ఒక బేసిన్ చేతికిస్తాడని వాళ్లకు తెలుసు.

సుంకమ్మ మొహం గంటు పెట్టుకునే వచ్చింది. పందెం నెత్తిమీద పెట్టుకుని ఊళ్లవాళ్ల కాళ్లు కడగడమేమిటని ఆమె బాధ. సారు ఆమెకు ఒక పీట, ఒక బేసిన్, పాత పంచెలు చింపిన గుడ్డలు ఇచ్చాడు. పొయ్యిమీద పెద్ద అండాలో వేపాకు, పసుపు వేసిన నీళ్లు కాగుతున్నాయి. "చన్నీళ్లు కలిపి గోరువెచ్చగా తొలుపుకో. కడిగి, తుడిచి, పాదం తాకి కండ్లకద్దుకో. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. నొస్తాందా అని ఎవరినీ అడగొద్దు. నీళ్లు వేడిగా ఉండాయా అని అడుగు."

"ఎందుకు సార్?"

"నొస్తాందా అంటే అందరూ లేదంటారు," అని సారు కట్టెలు ఎగదోయడానికి పోయాడు.

ఆ మాటలో ఉన్న తెలివి సుంకమ్మకు మధ్యాహ్నానికి గాని అర్థం కాలేదు. నీళ్లు గోరువెచ్చగానే ఉండేవి. బొబ్బలు లేని పాదం హాయిగా మునిగేది. పుండున్న పాదం నీళ్లు తగలగానే చటుక్కున వెనక్కి పోయేది. "వేడిగా ఉండాయా?" అంటే, "ఆఁ ఆఁ, కొంచెం వేడి" అనేవాళ్లు. ఆ మాటతో నీళ్లమీదకు తోసేసి పరువు కాపాడుకునేవాళ్లు. అప్పుడు సుంకమ్మ నెమ్మదిగా, ఇంకా మెత్తని గుడ్డ తీసేది. ఎన్ని పాదాలో! పగిలిన మడమలు, ఊడిన గోళ్లు, చెప్పు కొరికిన వేళ్లు. వంగి వంగి నడుము పడిపోయింది. వచ్చేవాళ్లలోనూ మాటలు లేవు. కూర్చుంటారు, కళ్లు మూసుకుంటారు, కట్టు కాగానే లేచి పోతారు. ఆ గుడారం నిండా అలసట తప్ప వేరే చప్పుడు లేదు.

మూడో రోజు పొద్దున ఒక గుంపు వచ్చింది. అందరి తర్వాత, చాలా వెనకగా, ఒక ముసలావిడ వచ్చి సుంకమ్మ ముందున్న బల్ల మీద కూర్చుంది. పేరు గంగవ్వ. పుట్టింది ఆదోని పక్క, మెట్టింది తుంగభద్రకు అవతల. ఒళ్లో పసుపు గుడ్డలో చుట్టిన చీర. కుడికాలు బేసిన్‌లో పెట్టి, ఎడమకాలు మడిచి చీర కుచ్చెళ్ల కింద పెట్టుకుంది.

"అది కూడా పెట్టవ్వా," అంది సుంకమ్మ.

"దానికేం కాలేదులే తాయీ. అది మంచి కాలు."

మంచి కాలును ఎవరూ మడిచి దాచరని సుంకమ్మ కంటే బాగా ఎవరికి తెలుసు? పట్టుబట్టి బయటికి లాగింది. పాదం చుట్టూ గుడ్డ. గుడ్డ విప్పితే లోపల తెల్లగా, గట్టిగా, సిమెంటు పూసినట్టు విభూతి. దారిలో ఏ గుడి కనబడినా ఆ గుడి విభూతి పుండుమీద వేసి కట్టుకుంటూ వచ్చింది గంగవ్వ. స్వామి చూసుకుంటాడని ఒక ధైర్యం, తెల్లగా ఉంటే ఎవరికీ పుండు కనబడదని ఇంకో ధైర్యం. ఆ పెచ్చు అంచుల నుంచి వాసన వస్తోంది. పాదం నీళ్లలో పెట్టగానే గంగవ్వ సుంకమ్మ భుజం గట్టిగా పట్టుకుంది.

"నీళ్లు వేడిగా ఉండాయా అవ్వా?"

"ఆఁ, వేడి. బో వేడి."

"సారును పిలుస్తానుండు."

"వద్దు, నీ కాలు పట్టుకుంటా," అంది గంగవ్వ. "మా గుంపు పెద్దమనిషి శరణప్ప చూస్తే సామాన్ల ట్రాక్టరు ఎక్కిస్తాడు. మొక్కు నడకకు గాని బండికి కాదు. పుట్టింటి చీర తెచ్చేదాన్ని కుంటికాలు పట్టుకుని ట్రాక్టరు దిగితే నా బిడ్డ నన్ను ఏమనుకుంటాది? ఇంకెంత ఉండాది, అడవి దాటితే అయిపాయె. పైపైన కడిగి గట్టిగా కట్టు. ఎవరికీ చెప్పొద్దు తాయీ."

ఇంకెంత ఉండాది! ఆ మాట తన నోట్లోంచి తీసి ఎవరో పలికినట్టనిపించింది సుంకమ్మకు. సారు పదడుగుల దూరంలో పొయ్యి దగ్గర ఉన్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. కాని గంగవ్వ గుట్టు బయటపెట్టిన నోటితో తన గుట్టు దాచుకోవడం ఎలా? ఆమెకు జాలి వేసిన మాట నిజమే, కాని కేక వేయనివ్వనిది జాలి కాదు, భయం. సంచిలోంచి తన సాగే పట్టీ తీసింది. తన మడమకు ఎలా బిగించుకుంటుందో అలాగే, అంత గట్టిగానూ గంగవ్వ పాదానికి చుట్టింది. ముసలావిడ లేచి రెండడుగులు వేసి చూసి, "ఆహా, కాలే లేనట్టు ఉండాది," అని నవ్వి, సుంకమ్మ తల నిమిరి, చీర చంకలో పెట్టుకుని అడవి దారి పట్టింది. ఆ నవ్వు చూసి సుంకమ్మ కూడా నవ్వింది. పుణ్యం చేశాననే అనుకుంది.

ఎండ వాలే వేళ అడవిలోంచి దుప్పటి ఒకటి కర్రకు కట్టి ఇద్దరు మోసుకొస్తూ, వాళ్ల వెనకే శరణప్ప, గుంపులో మరికొందరు వస్తూ కనబడ్డారు. దుప్పట్లోంచి పసుపు గుడ్డ మూట వేలాడుతోంది. సుంకమ్మ పీట తన్నేసి పరిగెత్తింది. ఇన్ని నెలలుగా మునివేళ్ల మీద పరిగెత్తినది ఆ క్షణాన అదంతా మరిచిపోయింది. మడమ నేలకు కొట్టుకుంటుంటే, ఒక కాలు ఈడ్చుకుంటూ, టెంటులో ఉన్న అందరి కళ్ల ముందూ కుంటుకుంటూ పరిగెత్తింది.

సారు పట్టీ విప్పాడు. పట్టీ పైన పాదం ఉబ్బి నీలంగా ఉంది. లోపల విభూతి పెచ్చు రక్తంలో నానింది. టెంటులో ఉన్నవి పాత పంచెల గుడ్డలే గాని ఇలాంటి పట్టీ కాదని ఆయనకు తెలుసు. దాన్ని చుట్టచుట్టి పక్కన పెట్టాడు, అంతే. యాత్రికుల కోసం పెట్టిన వైద్య శిబిరం నుంచి డాక్టరు వచ్చి చూసి, కాలు దక్కుతుంది, కాని ఈ ఏటికి నడక మాట మరిచిపోవాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి అన్నాడు. శరణప్ప ట్రాక్టరు తెప్పించాడు. తిట్టలేదు. తిట్టే ఓపిక ఆయనకూ లేదు.

"పొద్దునే నన్ను ఈడ రెండు దినాలు కూసోబెట్టింటే వెనక గుంపుతో పోయేదాన్నేమో," అంది గంగవ్వ. సుంకమ్మ తల వంచుకుంటే, "నిన్నేమనలేదులే తాయీ. నువ్వు కూసోమంటే మాత్రం కూసుంటానా నేను," అని తనే సర్దుకుంది. తర్వాత చీర మూటను తమ గుంపులో ఒక పడుచు చేతిలో పెట్టింది. ఇవ్వడానికి చేయి రాలేదు. ఇచ్చాక మూట అంచు ఇంకాసేపు పట్టుకునే ఉంది.

"నా బిడ్డ కాడ దాచొద్దు. అమ్మ కాలు పుండైంది, నడవలేకపాయె, అందుకే రాలేదని చెప్పు. చెప్పకపోతే పుట్టింటోళ్లు మరిచిపోయినారు అనుకుంటాది."

ఆ మాట వింటుంటే సుంకమ్మకు ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపు సగం గంగవ్వ కోసం, సగం తన కోసం.

ట్రాక్టరు పోయింది. వెనక్కి వచ్చినవాళ్లు మళ్లీ అడవిలోకి పోయారు. టెంటులో వచ్చేవాళ్లు తగ్గారు. పొయ్యి ఆరి చాలాసేపయింది. గంగవ్వ పొద్దున కూర్చున్న బల్ల మీదే సుంకమ్మ కూలబడి ఉంది. దస్తగిరి సారు అండాలో అడుగున మిగిలిన నీళ్లు బేసిన్‌లోకి వంచి తెచ్చి, మోకాళ్లు పటపటమంటుంటే ఆమె ముందు పీట మీద కూర్చున్నాడు. ఎడమ బూటు తాడు విప్పబోయాడు.

"అయ్యో, వద్దు సారూ! మీరు నా కాళ్లు పట్టుకుంటే నాకు పాపం."

సారు వినలేదు. బూటు తీశాడు, మేజోళ్లు తీశాడు. పట్టీ లేని పాదం మీద ఎన్నాళ్లనాటివో పట్టీ ఒత్తుకున్న గుర్తులు తెల్లగా ఉన్నాయి.

"ఉగాది కాగానే పందెం సార్," అంది సుంకమ్మ. ఆ గొంతులో బతిమాలడం ఉంది, ఓడిపోవడమూ ఉంది.

"ఔను, ఉండాది," అన్నాడు సారు. మడమను బొటనవేలితో మెల్లగా నొక్కుతూ నీళ్లలోకి దించాడు. సుంకమ్మ కాలు ఒక్కసారిగా వెనక్కి లాక్కుంది. సారు ఆ కాలును వదలలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు.

"నీళ్లు వేడిగా ఉండాయా తల్లీ?"

ఆఁ అని ఒక్క మాట అంటే సరిపోయేది. మూడు రోజులుగా ఎంతమందో అనగా విన్న మాటే అది. సుంకమ్మ బేసిన్ వైపు చూసింది, సారు నెరిసిన తల వైపు చూసింది.

"లేదు సారూ. చల్లగా ఉండాయి," అంది.

సారు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పరుచుకుని, ఆ పాదం దాని మీద పెట్టుకున్నాడు.

"వచ్చిందా ఆ అమ్మాయి," అన్నాడు. "పిలుచుకురమ్మని ఆ పొద్దే చెప్తిని గదా."