గోత్రమడగని సభ

పూర్వం శోణానదీతీరాన విశాల రాజ్యాన్ని ఏలుతూ, యజ్ఞాలతో దేవతలనూ దానాలతో విప్రులనూ తృప్తిపరచి, ధర్మమూర్తినని వందిమాగధుల చేత నిత్యం పొగిడించుకుంటున్న వీతిసేన మహారాజు కొలువులో ఒక ఆచారం ఉండేది. న్యాయం కోరి వచ్చినవారు మొదట గోత్రప్రవరలు చెప్పుకోవాలి. స్త్రీ అయితే ఆమె ఇంటి పురుషుడు వచ్చి చెప్పాలి. చెప్పలేనివారి మొర సభకు వినిపించదు. చెవులుండీ వినకపోవడం ఆ సభకు బాగా అలవాటు.

ఆ రాజ్యంలోనే ఆంగిరస గోత్రసంజాత, వేదవేదాంగ పారంగతురాలు, బ్రహ్మవాదిని అయిన ఋజుమతి ఉండేది. తపస్విని కనుక సభలో ఆమె నోరు మూయించే సాహసం ఎవరికీ లేదు. కాటికాపరులకు మంచినీళ్ల రేవు మూసినప్పుడూ, ఆడా మగా కారని కొందరిని ఊరినుంచి తరిమినప్పుడూ, ఆమె తన గోత్రం చెప్పి, వారి మొర తన నోట వినిపించి, గెలిచి, ఆశ్రమానికి తిరిగివచ్చేసరికి గుమ్మంలో మరొకరు కూర్చుని ఉండేవారు. జుట్టు నెరిసింది, గొంతు బొంగురుపోయింది. ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు.

ఒకనాడు తరళ అనే పడవ నడిపే స్త్రీ ఇద్దరు పసిబిడ్డలతో వచ్చింది. భర్త వరదలో పోతే, మరిది పడవ లాక్కున్నాడు.

"ఆ పడవ లేకుంటే నా పిల్లలకు గంజి కూడా పుట్టదమ్మా. నువ్వొచ్చి చెప్పు తల్లీ" అని కాళ్లమీద పడింది.

"విసిగిపోయానమ్మా" అంది ఋజుమతి, లేస్తూ. "అయినా పద."

సభలో వారికి ముందు నల్లని ముసలివాడొకడు నిలబడి ఉన్నాడు. "గోత్రం?" అన్నాడు పురోహితుడు.

"సూర్యుని కొడుకును. గోత్రం లేదు" అన్నాడు ముసలివాడు.

సభ పకపకా నవ్వింది. భటులు అతణ్ణి పక్కకు నెట్టారు. ఋజుమతి అలవాటు చొప్పున తన గోత్రం చెప్పబోయి, మొర వినకుండానే గెంటివేసిన ఆ ముసలివాడి ముఖం చూసి ఆగిపోయింది.

"మహారాజా! నేడు నా గోత్రం చెప్పను. ఈమెకు నోరుంది, కష్టముంది. ఈమెనే వినండి."

"ఆచారభంగం మా వల్ల కాదు, తపస్వినీ" అన్నాడు రాజు.

తరళ ఆమె కొంగు పట్టుకుంది. "ఈ ఒక్కసారికి చెప్పమ్మా. పిల్లలు పస్తులున్నారు."

ఋజుమతి కళ్ల నీళ్లు తిరిగాయి. చెబితే పడవ దక్కుతుంది, రేపు మరొకరు గుమ్మంలో ఉంటారు. చెప్పకపోతే ఈ బిడ్డల ఆకలికి తానే కారణమవుతుంది. ఏం చేయాలో నిజంగా ఆమెకు తోచలేదు.

అప్పుడా ముసలివాడు దండపాణియై, మహిషవాహనుడై, సమవర్తియైన యమధర్మరాజుగా సాక్షాత్కరించి, "వీతిసేనా! ధర్మమూర్తినని పొగిడించుకుంటూ, ధర్మాన్నే నీ భటులచేత నెట్టించావు. నా సభలో ఎవరినీ గోత్రం అడగను. నిన్నూ అడగను" అన్నాడు. రాజు సింహాసనం దిగి సాష్టాంగపడ్డాడు.

యముడు ఋజుమతివైపు తిరిగాడు. "అమ్మా, అలసిపోయావు. బ్రహ్మలోకంలో విశ్రాంతి ఇస్తాను, కోరుకో."

"కావాలనే ఉంది స్వామీ, అబద్ధమాడను. కానీ నేను పోతే ఆశ్రమానికి వచ్చేవారి గతేమిటి? ఎవరి మొర వారే చెప్పుకునేటట్లు అనుగ్రహించండి. విశ్రాంతి సంగతి తర్వాత చూద్దాం."

"తథాస్తు" అని యముడు అంతర్ధానమయ్యాడు. రాజు అక్కడికక్కడే ఆచారాన్ని రద్దుచేశాడు.

తరళ ముందుకు వచ్చింది. "మారాజా, తెడ్డు నా పెనిమిటీ నేనూ ఇద్దరమూ వేసేవాళ్లం. పడవ నాదీనూ" అంది. ఆ పైన గొంతు పెగిలి, మరిది చేసిందంతా వరసగా చెప్పుకుపోయింది. పడవ ఆమెదేనని రాజు తీర్పు చెప్పాడు.

ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఋజుమతి జనం మధ్య నేలమీద చతికిలబడి విన్నది. ఆ సభలో తాను చెప్పవలసిందేమీ లేకపోవడం అదే మొదలు. హాయిగా ఏడ్చింది.

ఈ కథ చదివినవారికి స్వర్గం దక్కుతుందని నేను చెప్పను. ఎదుటివారు చెప్పుకునేది చివరిదాకా వినే ఓపిక దక్కితే చాలు.