అమ్మకానికి లేని నవల

"నవలలు రాసి బతకొచ్చా, మాస్టారూ?" అని అడిగింది మందాకిని. బీమా ఆఫీసులో పదకొండేళ్లుగా చేస్తున్న ఉద్యోగం మానేసి, ఇక రాసుకుంటూ ఉండిపోవాలని ఆమె కోరిక. మొదటి నవల అచ్చయి రెండేళ్లయింది. రెండోది సగంలో ఆగి, ఫైళ్ల మధ్య కూర్చున్నా ఆమెను పిలుస్తూనే ఉంది.

త్రివిక్రమరావు మాస్టారు ఇరవై మూడు నవలలు రాశాడు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "రేపు బెజవాడ వెళ్తున్నాను, వస్తావా?" అన్నాడు.

మర్నాడు ప్రచురణకర్త కాఫీ ఇప్పించి, ఏడాది రాయల్టీ అంటూ ఒక కవరు ఆయన చేతిలో పెట్టాడు. మూడు వేల నాలుగు వందలు. మందాకిని తల దించుకుంది. తన నెల జీతంలో అది పదో వంతు కూడా లేదు.

తిరిగి వస్తుంటే దారిలో అద్దె పుస్తకాల షాపు కనబడింది. మాస్టారు లోపలికి వెళ్లి, అరలన్నీ వెతికి, అట్ట మాసిన పుస్తకమొకటి తీశాడు. అది ఆయన తొలి నవల. ఇంట్లో ఉన్న ఒక్క ప్రతినీ ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్లి మళ్లీ ఇవ్వలేదు. ముప్పై ఏళ్లుగా ఎక్కడా దొరకలేదు. అట్ట మీది దుమ్ము తుడిచి, పేజీలు తిప్పాడు.

చివరి పేజీలు అచ్చువి కావు. ఎవరో నీలం సిరాతో గుండ్రంగా రాసి, దారంతో కుట్టారు.

"హాస్టల్లో వంట చేసే ఒకావిడ రాసిందండీ," అంది షాపావిడ. "కాగితాలు ఊడిపోతే, గుర్తున్నంత వరకూ రాసిచ్చింది. ఇప్పటికీ రెండు మూడు నెలలకోసారి వచ్చి దీన్నే పట్టుకెళుతుంది."

మాస్టారు నిలబడే అదంతా చదివాడు. ఒకచోట వేలు ఆనించి, "ఈ వాక్యం నాది కాదు, నాకంటే బాగుంది," అన్నాడు మందాకినితో, మెల్లగా. తన పుస్తకం కూడా ఏ ఊళ్లోనో ఎవరికో ఇలా నోటికొచ్చి ఉంటుందా అనుకుందామె. ఆ ఊహకే ఆమె కళ్లు చెమర్చాయి.

ఆయన కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఉన్నదంతా తీసుకుని, ఇది నాకిచ్చెయ్యమ్మా."

"అద్దెకైతే తీసుకెళ్లండి బాబుగారూ, అమ్మను. ఆవిడొస్తే ఏం చెప్పను?"

మాస్టారు కవరు తిరిగి జేబులో పెట్టుకున్నాడు. పుస్తకాన్ని దాని అరలోనే పెట్టి బయటికొచ్చాడు.

మందాకిని ఉండబట్టలేకపోయింది. "మీరెవరో ఒక్క మాట చెబితే ఊరికే ఇచ్చేసేది కదా, మాస్టారూ!"

ఆయన వెనుదిరిగి షాపు వైపు చూశాడు.

"అందుకేనమ్మా, చెప్పలేదు."